అన్నీ అందులోనేనట!

మొన్నొక పెళ్ళిలో నా పక్కన కూచున్న ఆవిడ, పప్పు గిన్నె ఇటు తిరిగేలోపల గబగబా అడిగేశారు. "మీ ఇంట్లో సముద్రపు చేపల తొట్టె ఉండేదిట కదండీ! మావారు కూడా చిన్నది ఒకటి కొందామంటున్నారు. అన్నీ అందులోనే అమర్చి ఉంటాయిట. ప్లగ్గు పెట్టడమే తరువాయిట. పనేమీ ఉండదుట. ఇంతకీ ఏది కొనమంటారు?"

నేను నోరు తెరిచేంతలో పప్పు వచ్చింది. దాని వెనకే నెయ్యి, దాని వెనకే కందిపొడి. ఇంకేం మాట్లాడతాం! అంచేత ఆవిడకి బాకీపడ్డ జవాబు ఇక్కడ రాస్తున్నాను. కాస్త పొడుగ్గా ఉంటుంది, కాస్త కోపంగా కూడా ఉంటుంది. కోపం ఆవిడ మీద కాదు సుమండీ, ఆ "ట" మీద. అమర్చి ఉంటాయిట, తరువాయిట, ఉండదుట. ఈ "ట"లన్నీ ఒక మగవాడు కొట్లో నిలబడి ఇంకో మగవాడి దగ్గర విన్నవి. ఇంటికి తెచ్చి మనకు వడ్డించినవి. "ట" తీసేసి చూస్తే ఏం మిగులుతుందో నేను చూశాను కనక చెబుతున్నాను.

ఈ వస్తువేమిటో తెలియనివాళ్ళకి ముందు రెండు ముక్కలు. ఇది గోల్డ్‌ఫిష్ వేసుకునే గాజుకుండ లాంటిది కాదు. ఇందులో పెరిగేవి ఉప్పునీళ్ళలో బతికే చేపలు. చతురంగా ఒక గాజుపెట్టె, దాని వెనకవైపు నల్లటి అడ్డుగోడ, ఆ గోడ చాటున మూడు నాలుగు గదులు. వాటిల్లోనే వడపోత స్పాంజీ, నీళ్ళు తోడే చిన్న పంపు. పైన దీపం. ముందునుంచి చూస్తే వైర్లూ గొట్టాలూ ఏవీ కనిపించవు. టీవీ పక్కన పెడితే హాలుకే కళ వస్తుంది. 20 లీటర్ల నుంచి 100 లీటర్ల పైచిలుకు దాకా దొరుకుతాయి. మావారూ మా అబ్బాయీ కలిసి తెచ్చింది 45 లీటర్లది. "నీకు ఇబ్బంది లేకుండా చిన్నదే తెచ్చాం" అన్నారు. ఆ మాట జ్ఞాపకం పెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

అందానికేం లోటు లేదు, నిజం చెప్పొద్దూ! రెండు క్లౌన్ చేపలు. నారింజ రంగు వొంటిమీద తెల్లపట్టీలు, పెళ్ళికొడుకు పంచెకి అంచులా సన్నటి నల్లగీత. ఒక క్లీనర్ రొయ్య కూడా ఉండేది. ఎర్రటి వీపు మీద నిలువునా తెల్లటి చార, తెల్లటి పొడుగాటి మీసాలు. నీళ్ళలో చెయ్యి పెడితే వచ్చి నా గోళ్ళ చుట్టూ శుభ్రం చేసేది. ఈ ఇంట్లో నా చేతులు పట్టించుకున్న ప్రాణి అదొక్కటే అని అంటే మావారు రెండు రోజులు ముభావంగా ఉన్నారు.

ఆ క్లౌన్ చేపల సంసారం ఇంకా బావుంటుంది. పుట్టడం అన్నీ మగవిగానే పుడతాయి. గుంపులో అన్నిటికన్నా పెద్దది ఆడదిగా మారి, ఇల్లంతా తన అజమాయిషీలో పెట్టుకుంటుంది. ఆ ఇల్లాలు పోతే మగడే ఆడదిగా మారి ఆ బాధ్యత ఎత్తుకుంటాడు. 2003 లో పిల్లలంతా ఎగబడి చూసిన ఆ నీమో సినిమాలో తల్లి చచ్చిపోయాక తండ్రి కొడుకుని వెతుక్కుంటూ సముద్రమంతా తిరుగుతాడు చూశారూ, శాస్త్రప్రకారమైతే ఆ తండ్రి ఈపాటికి తల్లయి ఉండాలి. ఈ సంగతి భోజనాల దగ్గర చెబితే మా ఇంట్లో ఎవ్వరూ నవ్వలేదు.

సరే, అసలు తగువులోకి వస్తాను. చిన్నదైతే సులువు అన్నమాట శుద్ధ అబద్ధం. వంట చేసే ఏ ఆడదాన్నయినా అడగండి. గంగాళంలో కాచే పెళ్ళి పులుసులో గుప్పెడు ఉప్పు అటూ ఇటూ అయినా ఎవరికీ తెలియదు. ఇద్దరికి పెట్టుకున్న గిన్నెడు పులుసులో చెంచాడు ఎక్కువైతే ఇక నోట పెట్టలేం. నీళ్ళు తక్కువైన కొద్దీ తప్పు పెద్దదవుతుంది. చేప విసర్జించిందీ, తినగా మిగిలిందీ కుళ్ళి అమోనియా అవుతుంది. అది చేపకు విషం. కంటికి కనిపించని సూక్ష్మజీవులు కొన్ని దాన్ని నైట్రైట్‌గానూ, మరికొన్ని ఆ నైట్రైట్‌ని అంత ప్రమాదం కాని నైట్రేట్‌గానూ మారుస్తాయి. ఈ జీవులు తొట్టెలో కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అప్పటిదాకా చేపని వెయ్యకూడదు. మాకు అమ్మినాయన మాత్రం "రెండు రోజులాగి వేసెయ్యండి సార్" అన్నాడు. పెద్ద తొట్టెలో ఒక నత్త చస్తే మర్నాడు చూసి తీసి పారెయ్యొచ్చు. 45 లీటర్లలో నత్త చచ్చి ఒక రాత్రి గడిస్తే పొద్దున్నకి మిగతా కాపురానికి కూడా ముప్పే.

ఇక "అన్నీ అందులోనే" అన్నది. అందులో లేనివి చెబుతాను వినండి. ఉప్పు లేదు. వంటింటి ఉప్పు వేస్తే పోలేదా అంటారు. పోతుంది, చేపల ప్రాణం. సముద్రమంటే ఉత్త సోడియం క్లోరైడు కాదు. మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం ఇంకా ఎన్నో కలిసి లీటరుకి 35 గ్రాములు. అందుకు వేరే ఉప్పుపొడి కొనాలి. కలపడానికి కుళాయినీళ్ళు పనికిరావు, ఆర్వో నీళ్ళే కావాలి. ఆ ఆర్వో నీళ్ళు లీటరు దిగేసరికి మన ఇళ్ళలోని మిషను అంతకన్నా ఎక్కువే తూములోకి వదులుతుంది. ఉప్పు ఎంత ఉందో చూసే పరికరం లేదు. అమోనియా చూసే మందుసీసాలు లేవు. కరెంటు పోతే పంపు తిరగడానికి బ్యాటరీ లేదు. అన్నిటికన్నా ముఖ్యం, చల్లబరిచే మిషను లేదు. ఈ చేపలకి 24 నుంచి 27 డిగ్రీలు కావాలి. మే నెలలో హైదరాబాదులో మా హాలు ఎంతుంటుందో నా మొహం చూస్తే తెలుస్తుంది. దానికి తోడు దీపం వేడి, పంపు వేడి ఆ కాసిని నీళ్ళకే తగలాలి. చిల్లర్ అనే ఆ మిషను ధర కనుక్కుంటే తొట్టె ధర కన్నా ఎక్కువుంది. మావారు వెనక్కొచ్చి, "నీళ్ళమీద చిన్న ఫ్యాను పెడితే చాలుట" అన్నారు. చూశారా, మళ్ళీ "ట"!

ఫ్యాను పనిచేస్తుంది, కాదనను. కుండలో నీళ్ళు చల్లబడే సూత్రమే అది. నీరు ఆవిరవుతూ వేడిని పట్టుకుపోతుంది. కాని ఆవిరయ్యేది నీరే. ఉప్పు ఎక్కడికీ పోదు. మా 45 లీటర్లలో ఎండాకాలం రోజుకి ఒక లీటరు తరుగు. ఆ తరుగు కూడా ముందువైపు తెలియదు. అద్దంలో నీళ్ళు నిండుగానే కనిపిస్తాయి. వెనక పంపున్న ఆఖరి గదిలో మాత్రం మట్టం దిగిపోతుంటుంది. అందులో రోజూ పొద్దున్నే గీత దాకా మంచినీళ్ళు పొయ్యాలి. ఉప్పునీళ్ళు కాదు, మంచినీళ్ళు.

పోసేది ఎవరు? కాఫీ పెట్టేది ఎవరో వాళ్ళే. "నీకు ఇబ్బంది లేకుండా చిన్నదే" అన్నమాట ఇక్కడికొచ్చి తేలింది. తొట్టె కొన్నవాళ్ళు ముందు కూచుని చూశారు. నేను వెనక గదిలోకి వంగి చూశాను.

ఈ ఏర్పాటు మన ఇళ్ళతో మొదలైంది కాదండోయ్. గాజుతొట్టెలు కట్టించి నీటిప్రాణుల్ని పెంచి పరిశీలించినవాళ్ళలో మొదటిగా చెప్పుకునేది ఒక స్త్రీనే. ఝాన్ విల్‌ప్రో పవర్ అని, పారిస్‌లో బట్టలు కుట్టిన ఫ్రెంచి వనిత. 1832 లో సిసిలీ ద్వీపంలో ఆ పని చేసింది. ఆ తరవాత 1846 లో ఆనా థిన్ అనే ఇంగ్లీషు దొరసాని, వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో హోదా ఉన్న మతాధికారి భార్య, టార్కీ తీరం నుంచి బతికున్న పగడాల్ని లండన్ తెచ్చుకుని ఇంట్లో పెంచింది. అప్పుడు పంపులెక్కడివి? నీళ్ళకి గాలి తగలాలి కదా! రోజూ అరగంటో ముప్పావుగంటో, తెరిచిన కిటికీ ముందు నిలబడి ఆ నీళ్ళని ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి తిరగబొయ్యాలి. పోసింది దొరసాని కాదు, ఇంటి పనిపిల్ల. దొరసాని పేరు చరిత్రలో ఉంది. ఆ పిల్ల పేరు నాకెక్కడా కనబడలేదు.

నేను ఆ దొరసానిని వేలెత్తి చూపడానికి ముందు నా సంగతి చెప్పుకోవాలి.

కిందటేడు మే నెలలో మా అమ్మకి కంటి ఆపరేషనని విశాఖపట్నం వెళ్ళి పది రోజులున్నాను. వెళ్ళేముందు బాల్కనీలో రెండు తెల్ల క్యాన్లు పెట్టించాను. ఒకదాన్నిండా ఆర్వో నీళ్ళు, రెండోదాన్నిండా వారంవారం కొంత మార్చడానికి కలిపి ఉంచిన ఉప్పునీళ్ళు. మా అబ్బాయి వాటిమీద ఇంగ్లీషులో రాశాడు. పోసే పని మావారికి అప్పజెప్పాను. మావారు మర్నాడే దాన్ని మా పనమ్మాయికి అప్పజెప్పారు. ఏ క్యాను అని ఆ అమ్మాయి ఫోన్ చేసి అడిగిందిట. ఆయన ఆఫీసులో ఏదో మీటింగులో ఉండి, "ఉప్పునీళ్ళ చేపలు కదా, ఉప్పునీళ్ళే పొయ్యి" అని పెట్టేశారట.

లెక్క మీరే కట్టండి. 45 లీటర్లలో కిలోన్నర పైచిలుకు ఉప్పు ఉంది. పది రోజుల్లో పది లీటర్ల నీరు ఆవిరైంది. దాని బదులు పది లీటర్ల ఉప్పునీళ్ళు, అంటే ఇంకో 350 గ్రాముల ఉప్పు చేరింది. లీటరుకి 35 గ్రాములుండాల్సింది 43 కి దగ్గరపడింది. ముందు రొయ్య పోయింది. నత్తలు పోయాయి. అవి కుళ్ళి నీళ్ళు పాడయ్యాయి. నేను వచ్చేసరికి చిన్న చేప లేదు. పెద్దది, ఆ ఇల్లాలు, ఒక మూల అడుగున ఆనుకుని వేగంగా మొప్పలు ఆడిస్తోంది. సాయంత్రానికి అదీ పోయింది.

నేనేం చేశాను? ఏ కథలో అయినా ఇలాంటి సన్నివేశం వస్తే నా నాయిక ఎంత న్యాయంగా ప్రవర్తిస్తుందో మీకు తెలుసు. నేను మాత్రం పనమ్మాయి మీద విరుచుకుపడ్డాను. కళ్ళు కనబడ్డం లేదా, క్యాను మీద రాసుంది కదా అన్నాను. ఆ పిల్లకి ఇంగ్లీషు రాదని నోట్లోంచి మాట వచ్చాక గుర్తొచ్చింది. మావారు సోఫాలో పేపరు అడ్డం పెట్టుకున్నారు. ఆ పిల్ల ఏమీ అనకుండా అంట్లు తోమేసి వెళ్ళిపోయింది.

నాలుగు రోజులాగి, మనసు పీకుతోంటే, స్టీలు పళ్ళెంలో కాసిని ఉప్పునీళ్ళు పోసి ఎండలో పెట్టి ఆ పిల్లని పిలిచాను, అర్థమయ్యేలా చెబుదామని. చూసి నవ్వింది. వాళ్ళది శ్రీకాకుళం జిల్లా నౌపడ. అమ్మానాన్నా ఉప్పుమడుల్లో పనిచేసినవాళ్ళు. "మడిలో నీరెండితే ఉప్పు ఉండిపోద్ది గానీ ఉప్పు కూడా ఎగిరిపోద్దేటమ్మా? మళ్ళీ ఉప్పునీరే ఎందుకెయ్యమన్నారో అనుకున్నాను. అయ్యగారు చదువుకున్నోరు కదా, దీనికింకేటో లెక్కుంటాదనుకున్నాను" అంది.

నాకు మాట రాలేదు. ఆ తొట్టె సంగతి మా ఇంట్లో పుట్టుకతో తెలిసిన మనిషి ఒక్కతే ఉంది. కొనేటప్పుడు ఆ మనిషిని ఎవరూ అడగలేదు. పని పురమాయించేటప్పుడు ఎందుకో చెప్పలేదు. జీతంలో దానికోసం పైసా కలపలేదు. చేపలు చచ్చినప్పుడు మాత్రం పిలిచి నిలబెట్టాం.

అమెరికాలో ఉన్న మా మరిది ఇదంతా విని ఫోన్లో నవ్వాడు. "వదినా, నా దగ్గర 60 లీటర్లది ఆరేళ్ళ నుంచి ఉంది, నువ్వు అనవసరంగా భయపెడుతున్నావు" అన్నాడు. నిజమే అయి ఉంటుంది. అతని ఇంట్లో పగలూ రాత్రీ ఒకే చలవ. కరెంటు పోదు. తరిగిన నీళ్ళు దానంతటదే పోసే చిన్న మిషను ఉంది. అవన్నీ అందులో వచ్చాయా నాయనా అంటే, "లేదు, విడిగా కొన్నాను" అన్నాడు. వారంవారం నీళ్ళు మార్చేది మాత్రం తనేనట. ఈ "ట" మా తోటికోడలు కూడా ఒప్పుకుంది కనక నమ్ముతున్నాను.

మనింటి గోడు అలా ఉంచి, ఆ చేపలు ఎక్కణ్ణించి వస్తాయో కూడా అడగాలి. మంచినీళ్ళ చేపలు చాలామటుకు చెరువుల్లో, తొట్టెల్లో పెంచినవే. సముద్రపు అందగత్తెలు మాత్రం ఇప్పటికీ చాలా భాగం పగడపు దిబ్బల్లో పట్టి తెచ్చినవే. 1960ల నుంచి ఫిలిప్పీన్స్‌లో సయనైడు చల్లి, స్పృహతప్పిన చేపల్ని ఏరుకునే పాడు పద్ధతి మొదలైంది. చేపతోపాటు అక్కడి పగడం కూడా చస్తుంది. ఇంగ్లండులో ఫిలిప్ గాస్ అనే ప్రకృతి శాస్త్రజ్ఞుడు 1854 లో "ది అక్వేరియం" అని పుస్తకం రాశాడు. జనం వెర్రెత్తినట్టు బుట్టలు పట్టుకుని సముద్రతీరాలకి పరిగెత్తారు. ఆ రాళ్ళమడుగుల అందమంతా ఎలా దోపిడీ అయిపోయిందో ఆయన కొడుకు ఎడ్మండ్ గాస్ 1907 లో తండ్రి గురించి రాసిన పుస్తకంలో వాపోయాడు. బి.ఏ. లో ఆ పుస్తకం చదివినప్పుడు నేను తండ్రీకొడుకుల మత వివాదం మీదే నోట్సు రాసుకున్నాను. ఆ చేపలూ రాళ్ళూ ఉన్న పేజీలు దాటేశాను.

మేం కొన్నచోటే ఒకాయన గొంతు తగ్గించి, "లోపల బతికున్న పగడం ఉంది మేడమ్, బిల్లు మాత్రం ఇవ్వం" అన్నాడు. బిల్లు ఎందుకివ్వరో తరవాత తెలిసింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో, పులి ఉన్న మొదటి షెడ్యూల్లోనే, 2001 లో రాతిపగడాల్ని చేర్చారు. అంటే ఆయన మా హాల్లో పెట్టుకోమని పులిపిల్లని చూపించినట్టు.

కొన్నిటిని పెంచి అమ్ముతున్నారు, కాదనకూడదు. క్లౌన్ చేపల్ని హేచరీలో పుట్టించే పద్ధతి మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవాళ్ళే ఎప్పుడో సాధించారు. కొంటే అలా పుట్టినవే అడిగి కొనాలి. నీమో పక్కన డోరీ కూడా కావాలని పిల్లలు ఏడుస్తారు. ఏడవనివ్వండి. ఆ నీలం చేప అడుగు దాకా పెరుగుతుంది. దాన్ని తొట్టెలో పుట్టించి పెంచడం ఫ్లారిడాలో మొదటిసారి సాధ్యపడింది 2016 లోనే.

నా చిన్నప్పుడు విశాఖపట్నంలో పోటు దిగాక మా నాన్నగారు మమ్మల్ని రాళ్ళలోకి తీసుకువెళ్ళేవారు. గుంటల్లో నిలిచిన నీళ్ళలో శంఖం మోసుకుని తిరిగే సన్యాసి పీతలు, వేలు పెడితే పువ్వు ముడుచుకున్నట్టు ముడుచుకునే సముద్రపు జీవులు. మా అమ్మ ఆపరేషనప్పుడు ఒక సాయంత్రం ఒక్కదాన్నే వెళ్ళాను. అక్కడ కూచున్నాక తట్టింది, ఈ గుంటలోనూ నీళ్ళు నాలుగు బిందెలే కదా, ఇదెలా బతుకుతోందని. రోజుకి రెండుసార్లు పోటెక్కి సముద్రమే వచ్చి నీళ్ళు మార్చి పోతోంది. మన ఇంట్లో ఆ సముద్రం ఎవరండీ?

కనక పెళ్ళిలో అడిగిన అమ్మా, 45 లీటర్లది, అంతకన్నా చిన్నదీ మాత్రం కొననివ్వకండి. చిన్నది కనక చవక అంటే వద్దనండి, చిన్నది కనక సులువు అంటే అసలే వద్దనండి. మీ ఇంట్లో పట్టే పెద్దది, 100 లీటర్లకి తగ్గకుండా చూడండి. 100 లీటర్లంటే నీళ్ళ బరువే 100 కిలోలు. టీవీ బల్ల ఆగదు, దానికి సరిపడ్డ స్టాండు కావాలి. చిల్లర్ గొట్టాలు వెనక గదిలోకి వెళ్ళే వీలుందో లేదో కొట్లోనే చూడండి. ఆ గదిలోకి మీ చెయ్యి దూరుతుందో లేదో పెట్టి చూడండి. సేల్స్‌మన్ చెయ్యి కాదు, మీ చెయ్యి, గాజులతో సహా. చిల్లర్‌కి డబ్బు లేకపోతే తొట్టెకీ డబ్బు లేనట్టే లెక్క. అప్పుడు మంచినీళ్ళ చేపలు వేసుకోండి. వాటికేం తక్కువ! క్యాన్ల మీద తెలుగులో రాయించండి.

మావారు మళ్ళీ మొదలుపెట్టారు, ఈసారి 120 లీటర్లదిట. నాకు అభ్యంతరం లేదన్నాను, కాకపోతే మా పనమ్మాయి వచ్చి చూడాలి, నీళ్ళు తనే చూసుకునేట్టయితే నెలకి ఎంతో తనే చెప్పాలి అన్నాను. ఆ పిల్లని అడిగితే, "కరెంటు పోతే పోతాదేటమ్మా పంపు?" అంది. మావారి దగ్గర జవాబు లేదు. ఆదివారం ముగ్గురూ కలిసి వెళ్ళి బ్యాటరీ సంగతి కనుక్కుందామన్నారు. ఆదివారం తనకి సెలవని ఆ అమ్మాయి గుర్తుచేసింది. అంచేత ప్రస్తుతానికి పాత తొట్టెలో బంగాళాదుంపలున్నాయి.